రోలెక్స్ వెనుక ఒక యతీమ్ బిడ్డ: హాన్స్ విల్స్‌డోర్ఫ్ జీవితం

ఖరీదైన చేతి గడియారం అనగానే చాలామంది నోట వచ్చే మొదటి పేరు రోలెక్స్. వాచీల గురించి ఏమీ తెలియని వాళ్లకు కూడా ఆ పేరు తెలుసు. గల్ఫ్ నుంచి సెలవుల్లో వచ్చిన బంధువు చేతికి ఉన్నది అసలుదా, నకిలీదా అని పెళ్లిళ్లలో సరదాగా వాదించుకునేది కూడా ఎక్కువగా ఈ వాచీ గురించే. కానీ ఆ కంపెనీ పెట్టిన మనిషి ఎవరో మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన పేరు హాన్స్ విల్స్‌డోర్ఫ్. ఆయన స్విట్జర్లాండ్‌లో పుట్టలేదు. గడియారాలు తయారు చేసే కుటుంబంలో కూడా పుట్టలేదు. చేత్తో గడియారం చేసే పని ఆయనకు వృత్తి కాదు. 12 ఏళ్లకే అమ్మానాన్నలను పోగొట్టుకున్నారు. తండ్రి దుకాణం చేజారిపోయింది. 24 ఏళ్లకు అప్పు చేసి పరాయి దేశంలో వ్యాపారం పెట్టారు. 79 ఏళ్లకు కన్నుమూసే నాటికి, కట్టిన కంపెనీ మొత్తాన్ని ఒక ట్రస్టు పేరు మీద రాసేసి ఉన్నారు. ఈ రోజుకీ రోలెక్స్ యజమాని ఆ ట్రస్టే.

అమ్మానాన్న లేని బాల్యం

హాన్స్ 1881 మార్చి 22న జర్మనీలోని బవేరియా ప్రాంతంలో కుల్మ్‌బాఖ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తాత కాలం నుంచి వాళ్లది ఇనుప సామాన్ల వ్యాపారం. ఇంటికి మంచి పేరు ఉండేది, లోటు లేకుండా గడిచేది. కానీ హాన్స్‌కు 12 ఏళ్లు వచ్చేసరికి తల్లి, తండ్రి ఇద్దరూ కొద్ది కాలం తేడాతో చనిపోయారు. ముగ్గురు పిల్లలు యతీములయ్యారు.

వాళ్ల బాధ్యత మేనమామల మీద పడింది. వాళ్లు చేసిన మొదటి పని ఆ ఇనుప సామాన్ల వ్యాపారాన్ని అమ్మేయడం. వచ్చిన డబ్బును పిల్లల చదువుకు, భవిష్యత్తుకు వాడాలని వాళ్ల ఉద్దేశం. హాన్స్‌ను కోబుర్గ్‌లోని హాస్టల్ బడిలో చేర్పించారు. పెద్దయ్యాక కుర్రాడు నడపాల్సిన దుకాణం అలా చేతికి అందకుండానే పోయింది. అయితే విల్స్‌డోర్ఫ్ తర్వాతి రోజుల్లో మేనమామలను తప్పుపట్టలేదు. చిన్నప్పుడే ఎవరి మీదా ఆధారపడకుండా, ఉన్నది జాగ్రత్తగా చూసుకునే అలవాటు వాళ్ల వల్లే వచ్చిందని రాసుకున్నారు.

బడిలో హాన్స్‌కు లెక్కలు, భాషలు బాగా వచ్చేవి. ముఖ్యంగా ఇంగ్లిష్ బాగా నేర్చుకున్నాడు. తర్వాత జీవితానికి దారి చూపింది ఆ ఇంగ్లిషే.

రోజూ వందల గడియారాలకు కీ ఇచ్చే ఉద్యోగం

చదువు అయ్యాక హాన్స్ స్విట్జర్లాండ్‌లోని జెనీవా చేరాడు. మొదట ముత్యాల వ్యాపారం చేసే ఒక పెద్ద సంస్థలో పని నేర్చుకున్నాడు. సరుకు ఎక్కడ కొనాలి, ఎలా ఎంచాలి, ఎలా అమ్మాలి అన్నది అక్కడే తెలిసింది. ఆ తర్వాత 1900లో లా షో-ద-ఫాన్ అనే ఊరికి వెళ్లాడు. స్విస్ గడియారాల పరిశ్రమకు ఆ ఊరు గుండెకాయ లాంటిది. వీధి వీధికీ గడియారాల పనివాళ్లు ఉండేవారు.

అక్కడ కూనో కోర్టెన్ అనే ఎగుమతి సంస్థలో ఉద్యోగం దొరికింది. ఇంగ్లిష్‌లో ఉత్తరాలు రాయడం ఆయన పని. జీతం నెలకు 80 ఫ్రాంకులు. ఉత్తరాలతో పాటు ఇంకో పని కూడా అప్పగించారు. గోదాములో ఉన్న వందల జేబు గడియారాలకు రోజూ కీ ఇవ్వాలి. ఏది సరిగ్గా నడుస్తోంది, ఏది ముందుకు పోతోంది, ఏది వెనకబడుతోంది అని చూసి రాయాలి.

చూడటానికి విసుగు పుట్టించే పని. కానీ విల్స్‌డోర్ఫ్‌కు అదే అసలైన చదువు అయింది. పైకి ఒకేలా కనిపించే రెండు గడియారాల్లో ఒకటి ఎందుకు నమ్మకంగా ఉంటుంది, ఇంకోటి ఎందుకు ఉండదు అన్నది కళ్లారా చూశారు. జర్మనీ నుంచి, ఫ్రాన్స్ నుంచి, స్విట్జర్లాండ్ నుంచి వచ్చే రకరకాల గడియారాలు ఆయన చేతుల మీదుగా పోయేవి. గడియారం అందం కన్నా దాని కచ్చితత్వమే అసలు సరుకు అనే ఆలోచన ఆయనలో అక్కడే నాటుకుంది.

లండన్‌లో అప్పుతో మొదలు

1903లో ఆయన లండన్ వెళ్లారు. ఒక గడియారాల కంపెనీలో కొంతకాలం పనిచేశారు. 1905లో, 24 ఏళ్ల వయసులో, తనకు బావ వరసయ్యే ఆల్ఫ్రెడ్ డేవిస్‌తో కలిసి సొంత వ్యాపారం పెట్టారు. అప్పు తెచ్చిన డబ్బు కూడా అందులో ఉంది. పేరు విల్స్‌డోర్ఫ్ అండ్ డేవిస్. నగల వ్యాపారులకు పేరుపడ్డ హాటన్ గార్డెన్ వీధిలో 83వ నంబరు భవనంలో ఆఫీసు.

స్విట్జర్లాండ్ నుంచి లోపలి యంత్రాలు తెప్పించి, మంచి కేసుల్లో బిగించి, ఇంగ్లండ్ దుకాణాలకు అమ్మడం వాళ్ల పని. అప్పట్లో మగవాళ్లు జేబు గడియారం వాడేవారు. కోటు జేబులో గొలుసుతో వేలాడేది. చేతికి కట్టుకునే గడియారం అంటే ఆడవాళ్ల నగ కిందే లెక్క. మగవాడు చేతికి కట్టుకుంటే నవ్వేవారు.

నవ్వడానికి తోడు ఇంకో కారణం కూడా ఉంది. చేతి గడియారం టైమ్ సరిగ్గా చూపించదని గడియారాల పనివాళ్లే అనేవారు. వాళ్ల అభ్యంతరాలు మూడు. ఒకటి, చేతికి సరిపోయేంత చిన్న యంత్రంలో స్ప్రింగు, పళ్ల చక్రాలు అన్నీ చిన్నవైపోతాయి, కాబట్టి కచ్చితంగా నడపడం కష్టం. రెండు, చెయ్యి ఊపినప్పుడల్లా ఆ కుదుపులకు యంత్రం దెబ్బతింటుంది. మూడు, జేబులో దాగి ఉండే గడియారానికి తగలని దుమ్ము, చెమట, నీళ్లు చేతి గడియారానికి తగులుతాయి.

ఈ మూడు అభ్యంతరాలూ నిజమే. వాటికి ఒక్కొక్కటిగా జవాబు వెతకడమే విల్స్‌డోర్ఫ్ మిగతా జీవితమంతా చేసిన పని.

చేతి గడియారాన్ని ఆయన కనిపెట్టలేదు. అంతకు ముందే రాణులకు, దొరసానులకు అలాంటివి చేసి ఇచ్చినవాళ్లు ఉన్నారు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లిన సైనికులు జేబు గడియారాన్ని తోలు పట్టీలో పెట్టి మణికట్టుకు కట్టుకున్నారు. పారిస్‌లో కార్టియే, విమానాలు నడిపే తన స్నేహితుడు సాంతోస్ డ్యూమోంట్ కోసం ఒకటి చేసి ఇచ్చారు. విల్స్‌డోర్ఫ్ ప్రత్యేకత ఏమిటంటే, రేపు మామూలు జనం కూడా దీన్నే కట్టుకుంటారని నమ్మి, ఉన్న డబ్బంతా దాని మీదే పెట్టారు.

స్విట్జర్లాండ్‌లోని బియెన్ ఊళ్లో ఎగ్లర్ అనే కుటుంబం చిన్న సైజు యంత్రాలను బాగా తయారు చేసేది. లా షో-ద-ఫాన్‌లో ఉన్నప్పుడే ఆయనకు వాళ్లు తెలుసు. చేతి గడియారాల కోసం వాళ్లకు లక్షల ఫ్రాంకుల ఆర్డరు ఇచ్చారు. కొత్తగా దుకాణం పెట్టిన కుర్రాడికి అది చాలా పెద్ద సాహసం. ఆ బంధం ఎంత గట్టిదంటే, దాదాపు వందేళ్లు రోలెక్స్‌కు యంత్రాలు అక్కడి నుంచే వచ్చాయి. ఆ ఫ్యాక్టరీని రోలెక్స్ కొన్నది 2004లో.

పేరు ఎలా పుట్టింది

అప్పట్లో గడియారం డయల్ మీద అమ్మిన దుకాణం పేరు ఉండేది. తయారు చేయించినవాడి పేరు ఉండేది కాదు. మంచి సరుకు ఇచ్చినా పేరు దుకాణదారుకే పోయేది. ఇది విల్స్‌డోర్ఫ్‌కు నచ్చలేదు. పైగా తన ఇంటి పేరు జర్మన్ పేరు. ఇంగ్లండ్‌లో పలకడానికీ కష్టం, చిన్న డయల్ మీద రాయడానికీ పొడవు.

చిన్నగా ఉండాలి, ఏ భాషవాళ్లు పలికినా ఒకేలా వినిపించాలి, డయల్ మీద ముచ్చటగా ఉండాలి. ఇవీ ఆయన షరతులు. అక్షరాలను రకరకాలుగా కలిపి వందల పేర్లు రాసుకున్నా ఏదీ కుదరలేదట. ఒక రోజు ఉదయం లండన్‌లో గుర్రాల బస్సు పై అంతస్తులో కూర్చుని చీప్‌సైడ్ వీధిలో పోతుంటే, ఎవరో జిన్ను చెవిలో ఊదినట్టుగా రోలెక్స్ అనే మాట తోచిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1908లో ఆ పేరు రిజిస్టర్ అయింది. ఇంగ్లిష్‌లో అయిదే అక్షరాలు. ఏ భాషలోనూ అర్థం లేని మాట.

పేరు పెట్టినంత మాత్రాన దుకాణదారులు ఒప్పుకోలేదు. వాళ్లకు డయల్ మీద తమ పేరే కావాలి. విల్స్‌డోర్ఫ్ గొడవ పడలేదు. ఒక పెట్టెలో ఆరు వాచీలు పంపితే ఒక దాని మీద మాత్రం రోలెక్స్ అని వేయించారు. కొన్నేళ్లకు రెండింటి మీద, తర్వాత మూడింటి మీద. కొనేవాళ్లే వచ్చి ఆ పేరు అడిగేలా చేస్తే దుకాణదారు కాదనలేడని ఆయనకు తెలుసు. అందుకే 1920ల మధ్యలో పత్రికల్లో ప్రకటనలకు పెద్ద మొత్తం ఖర్చు పెట్టడం మొదలుపెట్టారు. చివరికి అన్ని వాచీల మీదా ఆ పేరు రావడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది.

ఓడల గడియారాలతో పోటీ

మొదటి అభ్యంతరానికి, అంటే టైమ్ సరిగ్గా ఉండదన్న మాటకు, జవాబుగా ఆయన తన వాచీలను ప్రభుత్వ పరీక్షలకు పంపారు. 1910లో బియెన్ పరీక్షా కేంద్రం ఒక రోలెక్స్ చేతి గడియారానికి క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చింది. చేతి గడియారానికి అలాంటి స్విస్ సర్టిఫికెట్ రావడం అదే మొదటిసారి.

అంతకన్నా పెద్ద పరీక్ష ఇంగ్లండ్‌లో క్యూ అబ్జర్వేటరీది. సముద్రంలో ఓడ ఎక్కడ ఉందో లెక్క కట్టడానికి వాడే పెద్ద పెద్ద గడియారాలను అక్కడ పరీక్షించేవారు. ఆ పరీక్ష 45 రోజులు సాగుతుంది. గడియారాన్ని అయిదు వైపులా తిప్పి ఉంచుతారు. చల్లని పెట్టెలో, వేడి పెట్టెలో, మామూలు గదిలో, మూడు ఉష్ణోగ్రతల్లో చూస్తారు. ప్రతి రోజూ ఎన్ని సెకన్లు తేడా వచ్చిందో రాస్తారు. 1914 జులై 15న ఒక చిన్న రోలెక్స్ చేతి గడియారం ఆ పరీక్షలో ఏ తరగతి సర్టిఫికెట్ సంపాదించింది. అప్పటిదాకా ఏ చేతి గడియారానికీ ఆ తరగతి రాలేదు.

పని మొదలుపెట్టిన తొమ్మిదేళ్లకు దక్కిన ఫలితం ఇది. కానీ సంబరం చేసుకునే సమయం దొరకలేదు. మూడు వారాలు తిరక్కుండానే బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. శత్రువు జర్మనీ.

ఎక్కడికి పోయినా పరాయివాడే

విల్స్‌డోర్ఫ్ అప్పటికి ఐరిష్ ఇంటి పేరున్న ఇంగ్లండ్ అమ్మాయి ఫ్లోరెన్స్ మే క్రాటీని పెళ్లి చేసుకున్నారు. బ్రిటిష్ పౌరసత్వం కూడా తీసుకున్నారు. అయినా ఆయన పేరు జర్మన్ పేరే. యుద్ధం మొదలయ్యాక లండన్‌లో జర్మన్ పేర్లున్న దుకాణాల మీద జనం దాడులు చేశారు. 1915లో కంపెనీ బోర్డు మీద నుంచి విల్స్‌డోర్ఫ్ పేరు తీసేసి రోలెక్స్ వాచ్ కంపెనీ అని మార్చారు.

అదే ఏడాది బ్రిటన్ ప్రభుత్వం విదేశీ విలాస వస్తువుల మీద మూడో వంతు, అంటే నూటికి 33 పైచిలుకు పన్ను వేసింది. గడియారాలు ఆ జాబితాలో ఉన్నాయి. స్విట్జర్లాండ్ నుంచి లండన్‌కు తెచ్చి, అక్కడి నుంచి ప్రపంచానికి పంపే వ్యాపారానికి అది పెద్ద దెబ్బ. దాంతో ఎగుమతుల పనిని బియెన్‌కు మార్చారు. యుద్ధం ముగిశాక విల్స్‌డోర్ఫ్ పూర్తిగా జెనీవా చేరారు. 1920లో అక్కడ మోంత్ర్ రోలెక్స్ పేరుతో కంపెనీ రిజిస్టర్ అయింది. స్విస్ గడియారాలకు ప్రతీకగా చెప్పుకునే కంపెనీ లండన్‌లో పుట్టి, పన్ను దెబ్బకు స్విట్జర్లాండ్ చేరిందన్నమాట.

ఒక మేలు మాత్రం ఆ యుద్ధం వల్లే జరిగింది. కందకాల్లో ఉన్న సైనికుడికి జేబులోంచి గడియారం తీసి చూసే వీలు లేదు. దాడి ఎన్ని గంటలకు మొదలవ్వాలో నిమిషాలతో సహా ముందే నిర్ణయించేవారు. అందరికీ చేతి గడియారం తప్పనిసరి అయింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ల చేతికి ఉన్న వాచీని చూసి నవ్వే ధైర్యం ఇంకెవరికీ లేకపోయింది. విల్స్‌డోర్ఫ్ పదేళ్ల ముందు ఊహించింది నిజమైంది.

నీళ్లలో మునిగినా ఆగని వాచీ

ఇక దుమ్ము, నీళ్ల సమస్య మిగిలింది. కేసు వెనక మూతను సీసా మూతలా మరతో బిగించవచ్చు. అసలు చిక్కు పక్కన కీ ఇచ్చే బొడిపె దగ్గర. దాని కాడ లోపలికి పోవడానికి రంధ్రం ఉండాలి. రోజూ దాన్ని తిప్పాలి, లాగాలి. ఆ రంధ్రం గుండానే తేమ లోపలికి పోతుంది.

లా షో-ద-ఫాన్‌లో పెర్గో, పెరే అనే ఇద్దరు దీనికి ఒక ఉపాయం కనిపెట్టి 1925లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఆ బొడిపెనే మరలా తిప్పి కేసుకు బిగించేయడం ఆ ఉపాయం. విల్స్‌డోర్ఫ్ ఆ హక్కులు కొని, మెరుగుపరిచి, 1926లో ఆయిస్టర్ పేరుతో వాచీ విడుదల చేశారు. ఆయిస్టర్ అంటే ఆల్చిప్ప. లోపలి ముత్యాన్ని కాపాడుకుంటూ సముద్రంలో గట్టిగా మూసుకుని ఉండేది. ముత్యాల వ్యాపారి దగ్గర పని నేర్చుకున్న మనిషి తన గొప్ప వాచీకి ఆ పేరు పెట్టారు.

నీళ్లలో ముంచినా పాడవదంటే ఎవరు నమ్ముతారు? దుకాణాల కిటికీల్లో చేపల తొట్టె పెట్టించి, ఎర్ర చేపల మధ్య నడుస్తున్న వాచీని వేలాడదీయించారు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు.

ఆ తర్వాత మెర్సిడిస్ గ్లైట్సె సంగతి వచ్చింది. ఆమె లండన్‌లో టైపిస్టు. ఆమె తల్లిదండ్రులు కూడా జర్మనీ నుంచి వచ్చినవాళ్లే. 1927 అక్టోబర్ 7న ఆమె ఇంగ్లిష్ చానల్ ఈదిన మొదటి బ్రిటిష్ మహిళ అయ్యింది. పట్టిన సమయం 15 గంటల 15 నిమిషాలు. అయితే కొద్ది రోజులకే ఇంకో మహిళ తాను అంతకన్నా వేగంగా ఈదానని చెప్పి, అది అబద్ధమని తానే ఒప్పుకుంది. దాంతో గ్లైట్సె ఈత మీద కూడా అనుమానాలు మొదలయ్యాయి. తన మాట నిలబెట్టుకోవడానికి ఆమె అక్టోబర్ 21న మళ్లీ నీళ్లలో దిగింది. ఈసారి విల్స్‌డోర్ఫ్ ఆమెకు ఒక ఆయిస్టర్ వాచీ పంపారు. ఆమె దాన్ని రిబ్బనుతో మెడలో వేసుకుంది.

నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉన్నాయి. పది గంటలు దాటాక ఒడ్డు చేరకుండానే ఆమెను పడవలోకి లాగేశారు. ఈత పూర్తి కాలేదు. కానీ అంత చలిలో అంతసేపు ఆమె తట్టుకున్న తీరు చూసినవాళ్లు ఆమె మొదటి ఈతను ఇక అనుమానించలేదు. మెడలోని వాచీ మాత్రం సరిగ్గా నడుస్తూనే ఉంది. నవంబర్ 24న డైలీ మెయిల్ మొదటి పేజీ మొత్తం కొని విల్స్‌డోర్ఫ్ ఈ సంగతి ప్రకటన వేయించారు. ఇప్పుడు ఆటగాళ్లతో, సినీ తారలతో వస్తున్న వాచీ ప్రకటనలన్నిటికీ పెద్దన్న ఆ పేజీయే. గ్లైట్సె తర్వాత తాను సంపాదించిన డబ్బుతో లెస్టర్ నగరంలో ఇల్లూ వాకిలీ లేని వాళ్లకు ఆశ్రయం ఏర్పాటు చేసింది.

కీ ఇవ్వక్కర్లేని వాచీ

బొడిపె బిగించి ఉన్నంతసేపే నీళ్లు లోపలికి పోవు. కానీ రోజూ కీ ఇవ్వాలంటే దాన్ని విప్పాలి. మళ్లీ బిగించడం మరిచిపోతే అంతా వృథా. అంటే కీ ఇచ్చే పనే లేకుండా చేయాలి.

ఇంగ్లండ్‌కు చెందిన జాన్ హార్వుడ్ అనే గడియారాల మేస్త్రీ, చెయ్యి కదిలినప్పుడల్లా దానంతటదే కీ ఎక్కే చేతి గడియారాన్ని అప్పటికే చేశారు. 1924లో పేటెంటు కూడా వచ్చింది. కానీ ఆర్థిక మాంద్యంలో ఆయన కంపెనీ మూతపడింది. హార్వుడ్ వాచీలో లోపలి బరువు అటూ ఇటూ కొట్టుకుంటూ సగం దూరమే తిరిగేది. ఎగ్లర్ ఫ్యాక్టరీలో ఎమిల్ బోరర్, అర్ధచంద్రాకారపు బరువు ఎటువైపు అడ్డం లేకుండా గుండ్రంగా తిరిగేలా చేశారు. 1931లో ఇది పర్పెచువల్ పేరుతో వచ్చింది. చెయ్యి కదలడం వల్ల యంత్రం పాడవుతుందన్న పాత అభ్యంతరం పోయి, ఆ కదలికే యంత్రానికి బలం అయింది. నేడు ప్రపంచంలో చేసే ఆటోమేటిక్ వాచీల్లో ఎక్కువ భాగం ఇదే పద్ధతిలో నడుస్తాయి.

1933లో బ్రిటిష్ విమానాలు మొదటిసారి ఎవరెస్ట్ శిఖరం మీదుగా ఎగిరినప్పుడు పైలట్ల దగ్గర ఆయిస్టర్ వాచీలు ఉన్నాయి. ఆ విమానాలు బయలుదేరింది మన బీహార్‌లోని పూర్ణియా నుంచే.

అందరూ రోలెక్స్ కొనలేరని కూడా ఆయనకు తెలుసు. అదే ఆయిస్టర్ కేసు, కొంచెం తక్కువ ఖరీదు యంత్రం పెట్టి టూడర్ అనే ఇంకో పేరుతో వాచీలు తెచ్చారు. 1926లో ఆ పేరు రిజిస్టర్ చేయించి, 1946లో దానికి విడిగా కంపెనీ పెట్టారు.

ఖైదీల మాట మీద నమ్మకం

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కిన బ్రిటిష్ వైమానిక దళం వాళ్ల దగ్గర నుంచి వాచీలు లాక్కునేవారు. యుద్ధ ఖైదీలు రెడ్ క్రాస్ ద్వారా జెనీవాకు ఉత్తరం రాస్తే వాచీ పంపిస్తామని, డబ్బు యుద్ధం అయ్యాక ఇవ్వవచ్చని విల్స్‌డోర్ఫ్ ఏర్పాటు చేశారు. హామీ సంతకం లేదు, అడ్వాన్స్ లేదు. మాట ఇస్తే చాలు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో, ఎవరు గెలుస్తారో, ఆ ఖైదీ బతికి బయటపడతాడో లేదో తెలియని రోజులవి. ఆ అప్పు ఇవ్వడమంటే ఖైదీలకు వాచీతో పాటు ఇంటికి తిరిగి వెళతారన్న ఆశ కూడా ఇచ్చినట్టే.

శ్టాలాగ్ లుఫ్ట్-3 అనే శిబిరంలో క్లైవ్ నట్టింగ్ అనే కార్పోరల్ ఉండేవాడు. చెప్పులు కుట్టే పని చేసి నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నాడు. 1943 మార్చిలో ఖరీదైన క్రోనోగ్రాఫ్ వాచీకి ఆర్డరు రాశాడు. మామూలు సిపాయి అంత ఖరీదు పెట్టలేడని విల్స్‌డోర్ఫ్ తిరస్కరించలేదు. యుద్ధం నడుస్తున్నంత కాలం డబ్బు సంగతి తలుచుకోవద్దని స్వయంగా జవాబు రాశారు. వాచీ శిబిరానికి చేరింది. మరుసటి ఏడాది అదే శిబిరం నుంచి 76 మంది సొరంగం తవ్వి పారిపోయారు. యుద్ధం అయ్యాక నట్టింగ్‌కు బిల్లు వచ్చింది. ఆయన కట్టేశారు.

కథకు ఇంకో వైపు కూడా ఉంది. అదే రోజుల్లో ఇటలీ నౌకాదళం డైవర్ల కోసం ఫ్లారెన్స్‌లోని పనెరాయ్ అమ్మిన వాచీలను తయారు చేసింది కూడా రోలెక్సే. ఆ డైవర్లు పోరాడింది బ్రిటన్ మీద. విల్స్‌డోర్ఫ్ జర్మన్ మూలాల వల్ల బ్రిటిష్ నిఘా అధికారులు ఆయన్ను అనుమానించారని ఆనాటి ఫైళ్లు చెబుతున్నాయి. ఇంగ్లండ్‌లో జర్మన్‌గా, స్విట్జర్లాండ్‌లో బ్రిటిష్ పౌరుడిగా, ఎక్కడ ఉన్నా సగం పరాయివాడిగానే ఆయన బతుకు గడిచింది.

వారసులు లేని ఆస్తి

1944లో భార్య ఫ్లోరెన్స్ మే చనిపోయారు. వాళ్లకు పిల్లలు లేరు. తన తర్వాత కంపెనీ ఏమవుతుంది? చిన్నప్పుడు తండ్రి పోగానే దుకాణం ఎలా అమ్ముడుపోయిందో చూసిన మనిషికి ఆ ప్రశ్న ఎంత బరువైందో ఊహించుకోవచ్చు.

1945లో ఆయన హాన్స్ విల్స్‌డోర్ఫ్ ఫౌండేషన్ పెట్టి కంపెనీలోని తన వాటాలను దానికి రాసిచ్చారు. కంపెనీని ముక్కలు చేయకూడదు, నడుస్తూ ఉండాలి, వచ్చిన లాభాల్లోంచి మంచి పనులకు ఖర్చు పెట్టాలి. ఇదీ ఏర్పాటు. వక్ఫ్ అంటే తెలిసినవాళ్లకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. అది స్విస్ చట్టం కింద నడిచే ట్రస్టు, వక్ఫ్ కాదు. కానీ అసలు ఆస్తిని కదపకుండా రాబడిని జనం కోసం వాడటం అన్న మూలసూత్రం మాత్రం రెండింటిలోనూ ఒకేలా కనిపిస్తుంది. రోలెక్స్ షేర్లు ఈ రోజుకీ మార్కెట్లో దొరకవు. జెనీవాలో చదువులకు, కళలకు, కష్టాల్లో ఉన్నవాళ్లకు ఆ ఫౌండేషన్ సాయం చేస్తూనే ఉంది. 2012లో ఆర్వ్ నది మీద కట్టించి నగరానికి ఇచ్చిన వంతెనకు ఆయన పేరే పెట్టారు.

చివరి పదిహేనేళ్లు

భార్య పోయాక ఆయన పని మానలేదు. ఈ రోజు పేరు మోసిన రోలెక్స్ వాచీల్లో చాలా వరకు ఆ చివరి 15 ఏళ్లలో వచ్చినవే. 1945లో డేట్‌జస్ట్ వచ్చింది. చిన్న కిటికీలో తేదీ దానంతటదే మారే ఆటోమేటిక్ చేతి గడియారం అది. 1953లో నీళ్లలో 100 మీటర్ల లోతుకు దిగే డైవర్ల కోసం సబ్‌మెరైనర్. అదే ఏడాది టెన్జింగ్, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కిన యాత్రకు రోలెక్స్ వాచీలు వెళ్లాయి. అదే యాత్రకు ఇంగ్లండ్ కంపెనీ స్మిత్స్ కూడా వాచీలు ఇచ్చింది కాబట్టి ఆ గొప్ప ఒక్క రోలెక్స్‌దే అనడం సరికాదు. ఆ తర్వాత వచ్చిన ఎక్స్‌ప్లోరర్ ఆ యాత్ర జ్ఞాపకమే.

1955లో పాన్ అమెరికన్ విమానాల పైలట్ల కోసం జీఎంటీ-మాస్టర్ వచ్చింది. ఒకే డయల్ మీద రెండు దేశాల టైమ్ చూపించడానికి ఇంకో ముల్లు పెట్టారు. జెద్దాలో, దుబాయ్‌లో ఉంటూ ఇంటికి ఫోన్ చేసే ముందు ఇక్కడ ఎన్ని గంటలయిందో లెక్కేసుకునే వాళ్లకు దాని ఉపయోగం వేరే చెప్పనక్కర్లేదు. 1956లో డే-డేట్ వచ్చింది. వారం పేరు పూర్తి అక్షరాల్లో కనిపించే వాచీ ఇది. అరబీతో సహా ఎన్నో భాషల్లో ఆ పేర్లు వేయించారు.

హాన్స్ విల్స్‌డోర్ఫ్ 1960 జులై 6న జెనీవాలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 79.

నేడు రోలెక్స్ ధర మామూలు కుటుంబం అందుకోలేనంత పెరిగింది. చాలామందికి అది టైమ్ చూసే వస్తువు కన్నా దర్జా చూపించే వస్తువు. నకిలీలు కూడా అందుకే అంతగా పుట్టుకొచ్చాయి. కానీ విల్స్‌డోర్ఫ్ జీవితంలో ఎక్కువ భాగం పోయింది దర్జా మీద కాదు. రోజుకు ఎన్ని సెకన్లు తేడా వస్తోంది, నీళ్లు ఎక్కడి నుంచి లోపలికి పోతున్నాయి, స్ప్రింగుకు కీ ఎవరు ఇవ్వాలి అన్న చిన్న చిన్న ప్రశ్నల మీద పోయింది. 80 ఫ్రాంకుల జీతానికి వందల గడియారాలకు కీ ఇచ్చిన కుర్రాడు అడిగిన ప్రశ్నలే అవి. తండ్రి దుకాణం దక్కని ఆ కుర్రాడు తాను కట్టుకున్న దుకాణాన్ని మాత్రం ఎవరూ అమ్మలేని చోట పెట్టి వెళ్లాడు.